నాన్నని కూడా అడగండి

చదవవలసిన భాగం: లూకా సువార్త 1:57–66

బిడ్డ పుట్టి ఎనిమిదో రోజు. యూదయ కొండసీమలోని ఆ ఇంటికి ఇరుగుపొరుగు, చుట్టపక్కాలు అందరూ వచ్చారు. లేకలేక, అదీ ముసలితనంలో పుట్టిన మగబిడ్డ. పేరేం పెట్టాలో వచ్చినవాళ్లే తేల్చేశారు: తండ్రి పేరే, జెకర్యా. తండ్రి అక్కడే ఉన్నాడు. నెలల తరబడి ఆయన నోట మాట లేదు కాబట్టి ఆయన్ని అడగాలని ఎవరికీ తట్టలేదు. తల్లి ఎలీసబెతు అడ్డుపడింది. కాదు, యోహాను అని పెట్టాలంది. మీ చుట్టాల్లో ఆ పేరు ఎవరికుందమ్మా అని వాదించారు. ఆమె మాట సరిపోలేదనిపించాక గాని తండ్రి వైపు తిరగలేదు.

తిరిగి ఏం చేశారో లూకా ఒక్క ముక్కలో చెప్పి వెళ్లిపోతాడు. సైగలు చేశారట. దూత ముందుగా చెప్పింది మాట పోతుందని. జెకర్యాకు వినికిడి కూడా పోయిందా అని వ్యాఖ్యాతలు ఈనాటికీ తర్జనభర్జన పడతారు. పోయిందేమో, కాదనను. కానీ మాట పడిపోయిన మనిషి ఉన్న ఏ ఇంట్లోనైనా ఒక గంట కూర్చుని చూడండి. వచ్చినవాళ్లు గొంతు పెంచి, అక్షరం అక్షరం విడగొట్టి, చేతులు తిప్పుతూ మాట్లాడతారు. పలకలేనివాడికి వినపడదని, వినపడనివాడికి తెలియదని ఎవరూ చెప్పకుండానే అందరూ అనేసుకుంటారు. అందుకే ఆ సైగలు చదివినప్పుడల్లా నాకు లూకా మన ఊళ్లోనే ఎక్కడో కూర్చుని రాసినట్టుంటుంది.

తలకు బలమైన దెబ్బ తగిలినా, మెదడులో రక్తనాళం పూడుకున్నా, చిట్లినా మాట పోవచ్చు. మనలో చాలామందికి భాషను నడిపించే భాగాలు మెదడుకు ఎడమవైపు ఉంటాయి. ఆ వైపే కుడి చెయ్యి, కుడి కాలు కదలికలనూ చూస్తుంది కాబట్టి చాలా ఇళ్లలో ఈ రెండు నష్టాలూ కలిసే వస్తాయి. మాట ఇలా పోవడాన్ని డాక్టర్లు అఫేసియా అంటారు. కొందరికి ఎదుటివాళ్లు చెప్పేది బాగానే అర్థమవుతుంది, తాము చెప్పాలనుకున్నది రాదు. కొందరు గడగడా మాట్లాడతారు, అందులో అర్థం ఉండదు. పాలు కావాలనుకుని నీళ్లు అంటారు, భార్యను అమ్మా అని పిలుస్తారు. వరద తగ్గాక ఊరు ఊరుగానే ఉండి రోడ్డు మాత్రం కొట్టుకుపోయినట్టు, మనిషి లోపల మనిషిగానే ఉంటాడు. మనవాళ్లు మాత్రం నాలుక మొద్దుబారిందనుకుని వసకొమ్ము అరగదీసి, తేనె కలిపి నాకిస్తారు. పసిపిల్లలకు వస పట్టే అలవాటు మనకు ఉన్నదే, అందులో ప్రేమా ఉంది. కానీ దెబ్బ తగిలింది నాలుకకు కాదు. పైగా ఇలాంటివాళ్లలో చాలామందికి మింగడం కూడా కష్టంగా ఉంటుంది, మంచినీళ్లే పొరబోయి ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. థెరపిస్టు చూసి సరే అనేదాకా నోట్లో ఏదీ పొయ్యకండి.

1861 ఏప్రిల్‌లో పారిస్ దగ్గరి బిసేత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే సర్జన్ ఒక రోగిని చూశాడు. పేరు లెబోర్న్. ఏం అడిగినా "టాన్, టాన్" అనేవాడు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచేవారు. ఇక్కడ చేరి ఎన్నేళ్లయిందని బ్రోకా అడిగితే, లెబోర్న్ చేతివేళ్లు అయిదూ విప్పి నాలుగుసార్లు చూపించి, పైన ఒక వేలు చూపించాడు. ఇరవయ్యొకటి. లెక్క సరిపోయింది. మర్నాడు బ్రోకా అదే అడిగాడు, అదే జవాబు వచ్చింది. మూడోసారి అడిగేసరికి తనను పరీక్ష పెడుతున్నారని లెబోర్న్‌కి అర్థమైంది. మండిపడి ఒక తిట్టు తిట్టాడు. కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు. ఆయన మెదడును పరీక్షించి బ్రోకా చెప్పిన సంగతి వైద్యశాస్త్రంలో నిలిచిపోయింది. ఎడమవైపు ముందు భాగంలో దెబ్బతిన్న ఆ చోటును ఇప్పటికీ బ్రోకా పేరుతోనే పిలుస్తారు. నాకు మాత్రం ఆ మూడో ప్రశ్న, ఆ కోపమే గుర్తుంటాయి.

ఎందుకంటే మన పలకరింపులన్నీ ఆ మూడో ప్రశ్నలే. "నన్ను గుర్తుపట్టావా? నా పేరేంటి? చెప్పు చూద్దాం!" మంచం చుట్టూ పదిమంది నిలబడి అడుగుతారు. ఆయన నోరు మెదిపి, రాక, కళ్లనీళ్లు పెట్టుకుంటే "అయ్యో, గుర్తుపట్టలేదు" అని వాకిట్లోకి వచ్చి చెప్పుకుంటారు. గుర్తుపట్టలేకపోవడం వేరు, పేరు నోటికి రాకపోవడం వేరు. చూడ్డానికి వెళ్లినవాళ్లు తమ పేరు తామే చెప్పుకుని కూర్చుంటే చాలు: "బావా, నేను, మంగళగిరి నుంచి వచ్చాను."

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. డెల్టా రైతు, సంఘపెద్ద. బైపాస్ మీద బండి జారి తల కొట్టుకుంది. హెల్మెట్ హ్యాండిల్‌కి వేలాడుతూనే ఉంది. ఆపరేషన్ అయి ఇంటికి వచ్చాక ఆయనకు మిగిలిన మాట ఒక్కటే, "అదే". అవునన్నా అదే, కాదన్నా అదే, ఆకలేసినా అదే. ఆ రోజుల్లోనే పెద్దమ్మాయికి సంబంధం కుదిరింది. తమ్ముడూ బావమరిదీ కూర్చుని పెళ్లి నవంబర్ నెలాఖరుకి అనుకున్నారు. ఆయన మంచం పక్కనే, ఆయన తల మీదుగా.

"ఆయన్ని అడగొద్దా?" అంది భార్య.

"అన్నయ్యేం చెప్తాడు వదినా! ఎందుకు ఆయన్ని ఇంకా కష్టపెట్టడం?"

తమ్ముడు చెడ్డవాడు కాడు. ఆసుపత్రిలో రాత్రులు కింద చాప వేసుకుని పడుకున్నది ఆయనే. జెకర్యా ఇంటికి వచ్చిన చుట్టాలూ చెడ్డవాళ్లు కారు, దేవుడు ఎలీసబెతును కరుణించాడని విని సంతోషించడానికి వచ్చినవాళ్లే. తప్పించేది ప్రేమే. కష్టపెట్టకూడదని ప్రశ్న తప్పిస్తుంది, ఆ తర్వాత కబురు తప్పిస్తుంది, కొన్నాళ్లకు మనిషిని లెక్కలోంచే తప్పిస్తుంది.

పెద్దమ్మాయి టీవీ ఆపింది. పట్నంలో స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తండ్రిని తీసుకెళ్లి వస్తూ కొన్ని పద్ధతులు తనూ నేర్చుకుంది. గోడ మీది క్యాలెండర్ తీసి తెచ్చి, ఆయనకు ఎదురుగా, మొహం కనబడేలా కూర్చుంది. "నాన్నా, పెళ్లి తేదీ." అంతే అని ఆగింది. కాసేపటికి నవంబర్ కాగితం చూపించింది. ఆయన దాని మీద ఎడమచేతి వేలు పెట్టి "అదే, అదే" అన్నారు. "అదిగో, ఒప్పుకున్నాడుగా!" అన్నాడు తమ్ముడు. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. బొటనవేలు పైకి ఎత్తి, కిందికి దించి, ఏదని అడిగింది. ఆయన వేలు కిందికి దించారు. అయితే ఎప్పుడు? జవాబు రావడానికి చాలాసేపు పట్టింది. ఈ లోపల బావమరిది రెండుసార్లు ఏదో అందించబోయాడు, భార్య చేత్తో ఆపింది. ఆయన కాగితాలు తిప్పుతూ పోయి జనవరి దగ్గర ఆగి, కిటికీలోంచి చేలవైపు చూపించారు. "కోతలయ్యాకా నాన్నా? ధాన్యం అమ్మాకా?" బొటనవేలు పైకి లేచింది. ఆ అమ్మాయి అక్కడితో వదల్లేదు, తిరగేసి అడిగింది: "నవంబర్‌లోనే చేసేద్దామా?" వేలు కిందికి. అప్పుడు తేలింది.

సార్వా పంట చేతికి రాకుండా పెళ్లి పెట్టుకుంటే వడ్డీకి తేవాలి. ఆ మంచంలో పడుకుని ఆ లెక్క చూసినవాడు ఆయనొక్కడే.

ఇందులో ఆ అమ్మాయి చేసినవన్నీ ఎవరైనా చేయగలిగినవే. ఇంట్లో చప్పుడు తగ్గించడం, ఒకసారి ఒకటే అడగడం, మాటతో పాటు చూపడానికి ఏదో ఒక వస్తువు, ఫోటో, కాగితం దగ్గర పెట్టుకోవడం. "టిఫిన్ ఏం చెయ్యమంటారు?" అంటే జవాబు కష్టం. ఇడ్లీ పిండీ, ఉప్మారవ్వ డబ్బా చూపించి ఏదని అడిగితే చెయ్యి లేస్తుంది. అవును, కాదు అనేవి తారుమారు అవడం ఈ జబ్బులో మామూలే, అందుకే తిరగేసి అడిగి సరిచూసుకోవాలి. జెకర్యాకు పలక అందింది, రాయడం పోలేదు కాబట్టి బిడ్డ పేరు యోహాను అని రాశాడు, ఒక్క మాటతో గొడవ తేలిపోయింది. అఫేసియా చాలామందికి చదవడాన్నీ రాయడాన్నీ కూడా దెబ్బతీస్తుంది. చేతికి పలకిచ్చి "రాసి చూపించండి" అంటే అది ఇంకో పరీక్షే అవుతుంది. వీటన్నిటికంటే కష్టమైనది ఆగడం. అడిగాక మనసులో పది లెక్కపెట్టి చూడండి. ఆ పది మన ఇళ్లలో ఎంత పొడుగో తెలుస్తుంది. మధ్యలో మాట అందించడం సాయమే అనిపిస్తుంది, కానీ ఆయన వెతుక్కుంటున్న దారి అక్కడే తెగిపోతుంది. సాయం కావాలేమో ఆయన్నే అడిగి అందించవచ్చు. పొద్దున్న తేలిగ్గా ఉన్న మనిషి సాయంత్రానికి ఏమీ అందుకోలేకపోతే అది మొండితనం కాదు. దెబ్బతిన్న మెదడు త్వరగా అలిసిపోతుంది.

మార్కు ఏడో అధ్యాయంలో యేసు దగ్గరికి తెచ్చినవాడికి వినికిడి లేదు, మాట సరిగా రాదు. తెచ్చినవాళ్లు జనం మధ్యే చేతులుంచమన్నారు. ఆయన మాత్రం అతన్ని గుంపులోంచి పక్కకు తీసుకుపోయాడు. అతనికి తెలిసేలా చెవుల్లో వేళ్లు పెట్టి, నాలుకను తాకి, పైకి చూసి నిట్టూర్చాడు. అంతా అయ్యాక గాని ఒక్కమాట పలకలేదు. స్వస్థత కూటాల్లో ఇలాంటివారిని వేదిక ఎక్కించి, మైకు నోటి దగ్గర పెట్టి "హల్లెలూయ అను, అను" అని పట్టుబట్టేవాళ్లు ఆ వచనం మీద ఒక్కరోజైనా ధ్యానం చేస్తే బాగుండును.

పాట సంగతి వేరు. ఆ పెద్దాయన ఆదివారం ఆరాధనలో, పక్కనున్నవాళ్లు పాత కీర్తన ఎత్తుకోగానే, రెండో పాదం నుంచి పదాలతో సహా కలిసి పాడారు. గుడంతా ఏడ్చింది. మాట వచ్చేసిందన్నారు. 1745లోనే స్వీడన్‌లో ఓలోఫ్ డాలిన్ అనే రచయిత ఇలాంటి మనిషి గురించి రాశాడు. కుడివైపు పడిపోయి, మాట పోయినవాడు. జబ్బుకు ముందు నేర్చుకున్న కీర్తనలు మాత్రం చక్కగా పాడేవాడు, కొన్ని ప్రార్థనలూ చెప్పగలిగేవాడు. పాట మొదట్లో మాత్రం పక్కన ఎవరో ఒకరు కలిసి పాడి అందించాలి. రాగం, ఏళ్ల తరబడి నోటికి పట్టిన వరుసలు మాటతో పాటే పోనక్కర్లేదు. వారాల పేర్లు, ఒకటి నుంచి పది, ప్రభువు ప్రార్థన కూడా అలా మిగలవచ్చు. 1973లో బోస్టన్‌లో వైద్యులు దీని ఆధారంగానే, మాటల్ని రాగంలో పెట్టి, ఎడమచేత్తో తాళం వేయిస్తూ నేర్పే ఒక పద్ధతి మొదలుపెట్టారు. అయితే కీర్తన పాడగలిగిన ఆ నోరు ఇంటికెళ్లాక "మంచినీళ్లు" అనలేదు. ఇంటివాళ్లు కుంగిపోయారు, కొందరు చుట్టాలు "గుళ్లో పాడతాడు, ఇంట్లో మాట్లాడడు, నటిస్తున్నాడు" అని కూడా అన్నారు. పాట పాటే. దానివల్ల మాట తన్నుకు రావాలని కాచుకుని కూర్చోవద్దు. మాట రాని ఇంట్లో సాయంత్రం ప్రార్థనలో ఆయన స్వరం కలుస్తోందంటే అదే పెద్ద సంగతి. మొదటి పాదం మీరు ఎత్తుకోండి.

నోటికి పట్టినవాటిలో ప్రార్థనలే ఉండవు. ఎన్నడూ పరుషంగా మాట్లాడని మనిషి నోట ఒక్కోసారి బూతు వస్తుంది, అదీ పాస్టరుగారు వచ్చినప్పుడే. ఆ ఇల్లాలి సిగ్గు చెప్పనలవి కాదు. "లోపల ఇదుందా ఇన్నాళ్లూ!" అనుకునేవాళ్లూ ఉంటారు. ఆలోచించి చెప్పే మాట వేరు, ఆలోచన లేకుండా దొర్లే మాట వేరు. మొదటి దారి తెగినప్పుడు రెండోది ఇష్టమొచ్చినట్టు తెరుచుకుంటుంది. తలకు దెబ్బ తగిలినవారిలో తమను తాము పట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. అది ఆయన ఆత్మ గురించి ఏమీ చెప్పదు. విననట్టు ఊరుకుని, తర్వాతి సంగతికి వెళ్లిపోవడమే మర్యాద.

ఇంకో మాట చెప్పాలి, చెప్పకపోతే ఈ వాక్యభాగమే కొన్ని ఇళ్లలో గాయం చేస్తుంది. జెకర్యాకు మాట పోయింది దూత మాట నమ్మనందుకు. అది జెకర్యా సంగతి. మన బంధువుకు మాట పోయింది తలకు దెబ్బ తగిలినందుకు. ఎవరి పాపం, ఇతనిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడిగిన ప్రశ్నను యోహాను తొమ్మిదో అధ్యాయంలో ప్రభువు తోసిపుచ్చాడు. పరామర్శకు వెళ్లి ఆ ప్రశ్నను మళ్లీ ఎత్తే హక్కు మనకు లేదు. జెకర్యాకు మాట ఒక్క క్షణంలో, పూర్తిగా తిరిగొచ్చింది. ఇక్కడ అలా జరగదు. మొదటి కొన్ని నెలల్లో మార్పు త్వరగా కనిపిస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా. కొందరికి చాలావరకు తిరిగొస్తుంది, కొందరికి రాదు. రానివారి ఇంట్లో విశ్వాసం తక్కువైందని కొలవడానికి కొలబద్ద ఎవరిచేతికీ ఇవ్వలేదు.

కానీ లూకా చెప్పిన వరుస ఒకటుంది, అది గమనించండి. మాట వచ్చాక ఆయన్ని అడగలేదు. అడిగారు, ఆయన రాశాడు, తర్వాత నోరు తెరుచుకుంది. అంతకు ముందు కూడా, దేవాలయంలో మాట పోయిన రోజునే ఆయన ఇంటికి వెళ్లిపోలేదు. తన సేవ దినాలు పూర్తయ్యాకే వెళ్లాడని ఇరవైమూడో వచనం చెబుతోంది. మాటలేని యాజకుడు దేవుని ఇంట్లో తన వంతు ముగించాడు. మన సంఘాల్లో మాట పోయిన పెద్దను "విశ్రాంతి తీసుకోండి" అని ఎంత త్వరగా పక్కన కూర్చోబెడతామో! కానుకల సంచి పట్టుకోవడానికి ఎడమచెయ్యి చాలు. కమిటీలో చెయ్యెత్తి ఓటు వేయడానికి నోరక్కర్లేదు. సాక్ష్యాల సమయంలో ఆయన లేచి నిలబడితే, ఏమీ చెప్పకపోయినా, సంఘం ఒక నిమిషం ఓపిక పట్టవచ్చు.

ఆచరణకు పనికొచ్చే రెండు సంగతులు. మాట నేర్పేవాళ్లమని చెప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు ఉందో లేదో అడిగి మరీ చేర్పించండి. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, సికింద్రాబాద్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఈ పనికే ఉన్న ప్రభుత్వ సంస్థలు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాక్కు, భాషా వైకల్యాన్ని ఒక వైకల్యంగా గుర్తించింది, అందులో అఫేసియా పేరు ఎత్తి మరీ చెప్పింది. కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి కదా, మనకు ధ్రువపత్రం ఎవరిస్తారని ఊరుకోకండి.

ఈ రోజు మీ ఇంట్లో తీసుకోవాల్సిన నిర్ణయం ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మామిడి చెట్టు కొట్టించాలా వద్దా, పిల్లాణ్ని ఏ కాలేజీలో చేర్చాలి, క్రిస్మస్‌కి ఎవరెవరికి బట్టలు పెట్టాలి. టీవీ ఆపి, ఆయన ఎదురుగా కూర్చుని, అది అడగండి. ఆయన కాదంటే మీ ఆలోచన మార్చుకోవాల్సి వస్తుంది మరి, అందుకు సిద్ధపడే అడగండి.

ప్రార్థన: ప్రభువా, మాట రాక మూలిగే మూలుగును నీ ఆత్మ ప్రార్థనగా మోస్తుందని రోమా పత్రికలో చదువుకున్నాం. మా నాన్న "అదే, అదే" అన్నప్పుడు అందులో ఏముందో మాకు తెలియడం లేదు, నీకు తెలుసు. ఆయన వెతుక్కునేటప్పుడు మా నోళ్లు కట్టు. రాత్రి మూడుసార్లు లేచే మా అమ్మకు నిద్ర ఇవ్వు, ఆమెను ఒక్కపూట విడిపించడానికి మా చిన్నాన్నకో, మేనత్తకో మనసు పుట్టించు. బస్సు ఖర్చులకు వెనకాడి థెరపీ మానేసిన ఇళ్లను మా సంఘానికి చూపించు. జనవరిలో జరగబోయే ఆ పెళ్లిలో, కూతురి చెయ్యి పట్టుకుని నడిచేటప్పుడు ఆ తండ్రి కుడికాలు తడబడకుండా చూడు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.